నెవాడాలో ఐదు నెలల ఫీల్డ్ పని: పిన్ను దేన్ని తాకితే అదే రాయాలి

మీ ప్రశ్న రెండుసార్లు చదివాను. బాపట్లలో బీఎస్సీ అగ్రికల్చర్, ఇక్కడ అమెరికాలో సాయిల్ సైన్స్‌లో ఎంఎస్ చేశారు, ఓపీటీ (చదువయ్యాక విద్యార్థి వీసా మీదే ఉద్యోగం చేసుకునే అనుమతి) మొదలైంది. ఉత్తర నెవాడాలో ప్రభుత్వ భూముల మీద మొక్కలూ నేలా కొలిచే ఐదు నెలల ఫీల్డ్ టెక్నీషియన్ ఉద్యోగం వచ్చింది. "పీజీ చదివి గడ్డి లెక్కపెట్టడానికి వెళ్తావా" అని నాన్నగారు, "ఎడారిలో టెంటు వేసుకుని పడుకుంటావా" అని అమ్మగారు అంటున్నారు. వెళ్లాలా వద్దా, వెళ్తే ఎలా సిద్ధపడాలి అని అడిగారు.

వెళ్లండి. నేను ఆరు సీజన్లు ఇదే పని చేశాను. మొదటి రెండు టెక్నీషియన్‌గా, ఆ తర్వాత క్రూ లీడ్‌గా, అంటే ఫీల్డ్ బృందాన్ని నడుపుతూ. మాది అనంతపురం జిల్లా, వాన కోసం ఆకాశం చూస్తూ పెరిగినవాళ్లం. పుస్తకంలో చదివిన నేల వేరు, 150 సార్లు వంగి చూసిన నేల వేరు అని నాకు అక్కడే తెలిసింది. అయితే వీసా విషయంలో ఒక మెలిక ఉంది. అది చివర్లో చెప్తాను, తప్పకుండా చదవండి.

ముందు ఈ భూములేమిటో నాన్నగారికి చెప్పండి. బ్యూరో ఆఫ్ ల్యాండ్ మేనేజ్‌మెంట్ అనే ఫెడరల్ సంస్థ, అందరూ బీఎల్ఎం అంటారు, సుమారు 24.5 కోట్ల ఎకరాలు చూసుకుంటుంది. మన రెండు తెలుగు రాష్ట్రాలూ కలిపినా అందులో మూడో వంతుకు రావు. నెవాడాలోనే దాదాపు 4.8 కోట్ల ఎకరాలు, అంటే రాష్ట్రంలో సగానికి పైగా. అక్కడ పశువులు మేస్తాయి, గనులున్నాయి, వేటగాళ్లు వస్తారు, సేజ్ గ్రౌస్ అనే పక్షి గుడ్లు పెడుతుంది. ఎక్కడ ఎన్ని ఆవులు మేయవచ్చో, కాలిపోయిన కొండ మీద ఏ విత్తనం చల్లాలో ఎవరో ఒకరు నిర్ణయించాలి. మేత పర్మిట్లు మామూలుగా పదేళ్లకిస్తారు. అలాంటి నిర్ణయాలకు ఆధారంగా దేశమంతా ఒకే పద్ధతిలో కొలవాలని 2011లో ఎయిమ్ అనే కార్యక్రమానికి ప్రణాళిక వేశారు. కొలిచే పద్ధతులు చాలావరకు న్యూ మెక్సికోలోని హోర్నాడా పరిశోధన కేంద్రం శాస్త్రవేత్తలు తీర్చిదిద్దినవి. మీరు చేయబోయేది ఆ కొలతే.

ఎక్కడ కొలవాలో మనం ఎంచుకోం. కంప్యూటర్ యాదృచ్ఛికంగా పాయింట్లు ఇస్తుంది. లాటరీలో వచ్చిన చోటికే వెళ్లాలి. అది కారు ఆగే చోటికి నాలుగు కిలోమీటర్ల దూరంలో, ఒక్క చెట్టు నీడ లేని వాలు మీద ఉండొచ్చు. ప్రమాదకరమైన ఏటవాలు అయితేనో, దారే లేకపోతేనో ఆ పాయింట్‌ను వదిలేయడానికి నియమాలున్నాయి. ఎండగా ఉందనో, అక్కడ గడ్డి బాగా లేదనో పక్కకు జరపడం మాత్రం కుదరదు. అలా జరిపితే ఆ లక్షల ఎకరాల గురించి మనం చెప్పేదంతా దారి పక్క భూమి గురించి చెప్పినట్టే అవుతుంది.

ఇప్పుడు అసలు పని. ఆ పాయింట్ చుట్టూ కొలిచే స్థలాన్ని ప్లాట్ అంటారు, దాని మధ్యలో ఒక మేకు కొడతారు. దాని నుంచి ఐదు మీటర్లు వదిలి మూడు దిక్కులకు, 0, 120, 240 డిగ్రీలకు, 25 మీటర్ల టేపు ఒక్కొక్కటి లాగుతారు. టేపు బిగువుగా ఉండాలి, గాలికి ఊగకూడదు. నెవాడాలో మధ్యాహ్నం అయ్యేసరికి ఆ ఊగడం ఆపడమే ఒక పని. అర మీటరుకు ఒకసారి సన్నటి తీగ పిన్నును పైనుంచి నిటారుగా వదలాలి. అది మొదట ఏ ఆకును తాకింది, దాని కింద ఇంకేం తాకింది, చివరికి నేల మీద ఏముంది, మట్టా, రాయా, ఎండుటాకా, నాచా, అన్నీ వరసగా చెప్పాలి. ఒకరు చెప్తుంటే ఒకరు ట్యాబ్లెట్‌లో కొడతారు. ఒక్కో టేపు ఒక లైను. లైనుకు 50 పాయింట్లు, ప్లాట్‌కు 150. దీన్ని లైన్ పాయింట్ ఇంటర్‌సెప్ట్ అంటారు.

వినడానికి ఇంతే. పిన్ను దేన్ని తాకిందో అది రాయడం, మీకు కనిపించింది రాసేయడం, ఈ రెండింటి మధ్యే మొత్తం సీజన్ గడుస్తుంది. పొద పెద్దది, పిన్ను రెండు కొమ్మల మధ్య సందులోంచి మట్టిలోకి దిగింది. "ఇక్కడ పొదే కదా ఉంది" అని పొద రాసేయాలనిపిస్తుంది. తాకలేదు, కాబట్టి రాయకూడదు. పాయింటు ముళ్లపొద నడిబొడ్డులో వచ్చింది, చెయ్యి గీరుకుంటుంది, పిన్నును కొంచెం ఇవతలకు వంచాలనిపిస్తుంది. వంచకూడదు. పొద్దున ఏడింటికి మొదటి పాయింట్ దగ్గర ఎవరైనా నిజాయితీగానే ఉంటారు. 38 డిగ్రీల ఎండలో రెండో ప్లాట్ 140వ పాయింట్ దగ్గర కూడా అలాగే ఉండగలరా అన్నదే ప్రశ్న.

నేను మొదటి సీజన్‌లోనే ఇందులో తప్పు చేశాను. చీట్‌గ్రాస్ అని ఒక గడ్డి ఉంది. యూరప్, ఆసియాల నుంచి 19వ శతాబ్దం చివర్లో వచ్చి పడమటి రాష్ట్రాలన్నీ కమ్మేసింది. మిగతా గడ్డి కంటే ముందే మొలుస్తుంది, మేలో ఊదారంగుకు తిరుగుతుంది, జూన్‌కల్లా ఎండి గడ్డివాములా తయారవుతుంది. అగ్గిపుల్ల పడితే చాలు. ఒకప్పుడు ఎన్నో దశాబ్దాలకొకసారి కాలే కొండలు ఈ గడ్డి వచ్చాక కొన్నేళ్లకొకసారి కాలుతున్నాయి, కాలిన చోట మళ్లీ ఇదే ముందు మొలుస్తుంది. అందుకే ప్లాట్‌లో చీట్‌గ్రాస్ ఎంత అన్నది అన్నిటికంటే జాగ్రత్తగా రాయాల్సిన అంకె. జూలైలో అది ఎండి, వంగి, నేలకు అతుక్కుని ఉండగా నేను దాన్ని ఎండుచెత్త కింద రాసేశాను. నియమం ఏమిటంటే, ఎండినా సరే, వేరుతో నేలలో నిలబడి ఉంటే అది మొక్కే, ఎండినదని గుర్తు పెట్టి రాయాలి. తెగి పడి ఉంటేనే చెత్త. అదే ప్లాట్‌లో మా లీడ్ చదివిన లైనులో చీట్‌గ్రాస్ 21 పాయింట్లు, నా లైనులో 6. ఆవిడ ఏమీ అనలేదు. నా లైను పక్కన మోకాళ్ల మీద కూర్చుని ఒక ఎండు పోచను రెండు వేళ్లతో మెల్లగా లాగింది. సన్నటి వేర్లు, వేర్లకు పట్టుకున్న మట్టి. "ఇది ఏమిటి?" అంది. ఆ లైను మళ్లీ చదివాను. అంతకుముందు వారంలో నేను చదివిన మూడు ప్లాట్లకు కూడా, రెండు గంటల దారి, తిరిగి వెళ్లాం. అప్పటి నుంచి అనుమానం వచ్చిన ప్రతి పోచనూ వేలితో తాకి చూడడం అలవాటైంది. మీరు మొదటి వారం నుంచే అలా చేయండి.

తెలియని మొక్క వస్తే ఏం చేయాలని టెన్షన్ పడొద్దు. ప్రతి క్రూకూ తెలియని మొక్కలు వస్తాయి. వాటికి తాత్కాలిక కోడ్ ఇచ్చి రాసుకుంటారు, ప్లాట్ బయట నుంచి అలాంటిదే ఒకటి వేరుతో సహా తీసి, అట్టల మధ్య ఒత్తి, తేదీ, చోటు రాసి తెచ్చుకుంటారు. సాయంత్రం లెన్సు పెట్టి పుస్తకంతో పోల్చుకుంటారు, తేలకపోతే హెర్బేరియానికి, అంటే ఎండు మొక్కల నమూనాలు భద్రపరిచే చోటికి, పంపుతారు. "బహుశా అదే అయ్యుంటుంది" అని ఒక పేరు రాసేయడం కంటే తెలియదని రాయడం వెయ్యి రెట్లు మేలు. తప్పు పేరు ఒకసారి డేటాలోకి వెళ్తే దాన్ని ఎవరూ పట్టుకోలేరు. ఈ డేటా అంతా అందరికీ అందుబాటులో ఉంటుంది. పదేళ్ల తర్వాత ఇంకో ఎంఎస్ విద్యార్థి దాని మీదే థీసిస్ రాయొచ్చు.

మొక్కలు నేర్చుకోవడం మొదలుపెట్టేటప్పుడు మీకు ఒక చుట్టం తగులుతుంది. నెవాడా కొండలన్నీ బూడిదరంగు సేజ్‌బ్రష్‌తో నిండి ఉంటాయి. దాని ప్రజాతి ఆర్టిమీసియా. వినాయక చవితికి 21 పత్రిలో మొట్టమొదట వచ్చే మాచీపత్రం కూడా ఆర్టిమీసియానే. వాన పడ్డాక సేజ్‌బ్రష్ ఆకు నలిపి వాసన చూడండి. నాకైతే మొదటిసారి పూజ గది గుర్తొచ్చి గొంతు పట్టేసింది. ఇందులో ఉపజాతులు మూడు ముఖ్యం: వయోమింగ్, బేసిన్, మౌంటెన్. చూడ్డానికి అక్కచెల్లెళ్లలా ఉంటాయి గానీ ఒక్కోటి ఒక్కో రకం నేలనూ తేమనూ చెప్తుంది. ఆకు ముక్కలు నీళ్లలో వేసి చీకట్లో అతినీల లైటు వేస్తే మౌంటెన్ రకం నీలంగా మెరుస్తుంది. క్యాంపులో రాత్రిపూట మేం చేసే పరీక్ష ఇదే.

ఎంత శాతం పచ్చదనం ఉంది అన్నది ఒక్కటే చాలదు, అది ఎలా పరుచుకుని ఉందన్నది కూడా కావాలి. అందుకే టేపు వెంట మొక్కకూ మొక్కకూ మధ్య 20 సెంటీమీటర్లు, అంతకంటే ఎక్కువ ఉన్న ప్రతి ఖాళీనీ రాస్తారు. నాలుగు పెద్ద పొదలు ఒక మూలనుండి మిగతాదంతా బోడిగా ఉన్న చోటా, చిన్న చిన్న గడ్డి దుబ్బులు సమంగా ఉన్న చోటా శాతం ఒకటే రావచ్చు. గాలి లేచినప్పుడు మట్టి ఎగిరేది మొదటి చోటనే. ఇది మా ఊళ్లో ఎండాకాలం దుమ్ము తిన్నవాళ్లకు వివరించక్కర్లేదు. మొక్కల ఎత్తు, ప్లాట్ అంతా తిరిగి జాతుల జాబితా, ఫోటోలు, ఇవి కూడా ఉంటాయి, రెండు రోజుల్లో వచ్చేస్తాయి.

మీరు సాయిల్ సైన్స్ మనిషి కాబట్టి నేల దగ్గర కొంచెం ఎక్కువ సేపు ఆగుతాను. ప్రతి ప్లాట్‌లో ఒక గుంత తవ్వాలి, 70 సెంటీమీటర్ల దాకా, లేదా పార దిగని పొర తగిలే దాకా. ఒక్కో పొర మట్టినీ తడిపి, చపాతీ పిండిలా పిసికి, బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య రిబ్బను లాగాలి. రెండున్నర సెంటీమీటర్లు కూడా రాకుండా తెగిపోతే బంకమన్ను తక్కువ. ఐదు దాటితే బంకమన్నే. మన నల్లరేగడిని చిన్నప్పుడు బొమ్మలు చేయడానికి పిసికిన వేళ్లకు ఇది కొత్త కాదు. రంగును మన్సెల్ చార్టుతో, అంటే నేల రంగుల పట్టికతో, పోల్చాలి. పలచటి ఆసిడ్ చుక్క వేస్తే బుసబుసా పొంగితే సున్నం ఉన్నట్టు. చాలాచోట్ల కింద తెల్లగా గట్టి సున్నపు పొర తగులుతుంది, గడ్డపారతో కొట్టినా నిప్పురవ్వలే. గ్రీస్‌వుడ్ పొద ఉన్నచోట చవుడు నేల ఉంటుందని అనుకుని తవ్వండి, చాలాసార్లు నిజమవుతుంది. గుంత పూడ్చేటప్పుడు కింది మట్టి కిందికీ పైది పైకీ వేయండి. తొందరలో తిరగేసిపోయే క్రూలను చూశాను, ఆ మచ్చ ఏళ్ల తరబడి కనిపిస్తుంది.

నాకు అన్నిటికంటే ఇష్టమైనది మట్టి గడ్డల పరీక్ష. 18 గళ్ల చిన్న పెట్టె ఉంటుంది. ప్లాట్‌లో ముందే నిర్ణయించిన 18 చోట్ల నుంచి, ఆరేడు మిల్లీమీటర్ల వెడల్పున్న పై పెచ్చు ముక్క ఒక్కోటి తీసి, చిన్న జల్లెడలో పెట్టి స్వచ్ఛమైన నీళ్లలో దించుతాం. మట్టి పొడిగా ఉండాలి, ముందు రాత్రి వాన పడితే ఆరబెట్టాలి. దించిన ఐదు సెకన్లలో సగం కరిగిపోతే దానికి స్కోరు ఒకటి. ఐదు నిమిషాలు నానినా నిలిచినదాన్ని పైకీ కిందికీ ఐదుసార్లు ముంచి తీస్తాం, అప్పటికీ ముప్పావు వంతు పైగా మిగిలితే స్కోరు ఆరు. ఒకే ప్లాట్‌లో సేజ్‌బ్రష్ నీడలోంచి తీసిన ముక్క గులకరాయిలా కూర్చుని ఉంటుంది. దానికి అడుగు దూరంలో, పశువుల దారిలోంచి తీసింది నీళ్లు తగలగానే పొగలా విడిపోతుంది. వేళ్లు, శిలీంధ్రాలు, సేంద్రియ పదార్థం మట్టిని ఎలా పట్టుకుని ఉంచుతాయో క్లాసులో ఎన్ని స్లైడ్లు చూసినా, ఆ రెండు గళ్లు పక్కపక్కన చూసినప్పుడు అర్థమైనంత అర్థం కాదు. నేల మీద నల్లగా, గరుకుగా కనిపించే పెచ్చు కూడా ప్రాణమున్నదే, సయనోబాక్టీరియా, నాచు, లైకెన్లు. దాని మీద నడవకుండా టేపుకు ఒక వైపే నడవండి.

ఒక రోజు ఎల్కోకు పడమట మేం లైను చదువుతుంటే ఒక పశువుల ఆసామి పికప్ ఆపి వచ్చాడు. ఆ మేత పర్మిట్ అతనిది. "నా ఆవుల్ని తీసేయడానికి వచ్చారా?" అని అడిగాడు. నేను పిన్ను అతని చేతికిచ్చి పది పాయింట్లు వదలమన్నాను. వంగి వదిలాడు, తాకినవి తనే చెప్పాడు. మేం వింటర్‌ఫ్యాట్ అనేదాన్ని వైట్ సేజ్ అన్నాడు, చలికాలంలో దాని మీదే తన పశువులు బతుకుతాయని చెప్పాడు. వెళ్లేటప్పుడు, "చూసిందే రాస్తే నాకు అభ్యంతరం లేదు" అన్నాడు. అటువైపు అతని బతుకు, ఇటువైపు సేజ్ గ్రౌస్ పక్షి బతుకు, రెండూ ఆ ట్యాబ్లెట్‌లో మీరు కొట్టే అక్షరాల మీద ఆధారపడతాయి. గేట్లు మాత్రం మీరు వచ్చేసరికి ఎలా ఉన్నాయో అలాగే వదలండి. తెరిచి ఉంటే తెరిచే, మూసి ఉంటే మూసే. నేల మీద నల్లటి గాజురాయి పెచ్చులు, బాణపు మొనలు కనిపిస్తే ఫోటో తీసుకోండి, జేబులో వేసుకోవద్దు. అవి ఆ నేల మీద వేల ఏళ్లుగా ఉన్నవాళ్లవి, తీయడం నేరం కూడా.

ఇక అమ్మగారి భయం గురించి. ఒంటరిగా పని చేయించే క్రూ అయితే వద్దనండి. కనీసం ఇద్దరుండాలి, మామూలుగా అలాగే ఉంటారు. శాటిలైట్ మెసెంజర్ ఉండాలి, రోజూ సాయంత్రం ఫలానా టైముకు ఆఫీసుకు కబురు పంపాలి, పంపకపోతే వెతకడానికి ఎవరు బయలుదేరతారో రాసి ఉండాలి. నేను ఒక సీజన్ పనిచేసిన చోట పాత టైర్లు మార్చమంటే నెల రోజులు వాయిదా వేశారు. రాళ్లబాటలో ఒకే మధ్యాహ్నం రెండు పగిలి రాత్రంతా అక్కడే ఉన్నాం. అందుకే చెప్తున్నా, రెండు స్పేర్ టైర్లు, జాకీ, పార, మనిషికి రోజుకు ఆరేడు లీటర్ల నీళ్లు ఉన్నాయో లేదో బయలుదేరే ముందు మీరే చూసుకోండి. ఎండు గడ్డి మీద బండి ఆపొద్దు, కింద సైలెన్సర్ వేడికే మంటలు లేస్తాయి. జూలై, ఆగస్టుల్లో మధ్యాహ్నం ఉరిమితే ప్లాట్ సగంలో ఉన్నా గట్టు దిగి బండిలో కూర్చోండి.

తిండికి ఒక్క మాట. రెండు వేల మీటర్ల ఎత్తున నీళ్లు సుమారు 93 డిగ్రీలకే మరుగుతాయి, కందిపప్పు గంటన్నర పెట్టినా పలుకుగానే ఉంటుంది. చిన్న ప్రెషర్ కుక్కర్ పట్టుకెళ్లండి. ఎండాకాలంలో కట్టెల మంట నిషేధిస్తారు, గ్యాస్ స్టవ్‌కు సాధారణంగా అనుమతి ఉంటుంది. నాలుగో రోజుకు మీ కందిపొడి కోసం క్రూ అంతా చుట్టూ చేరుతుంది.

ఇప్పుడు వీసా. ఫెడరల్ ఉద్యోగాలు దాదాపుగా పౌరులకే. మీకు వచ్చింది యూనివర్సిటీ నుంచో, స్వచ్ఛంద సంస్థ నుంచో, కాంట్రాక్టు కంపెనీ నుంచో అయి ఉంటుంది, అది సరే. మొదటి ఏడాది ఓపీటీలో ఉద్యోగం లేని రోజులు మొత్తం 90 దాటకూడదు. సీజన్ సెప్టెంబరులో అయిపోతుంది, ఆ మర్నాటి నుంచి లెక్క ఆగిన చోటి నుంచే మళ్లీ నడుస్తుంది, ఉద్యోగం మొదలవక ముందు పోయిన రోజులు కూడా అందులోనే. కాబట్టి ఆగస్టు నుంచే తర్వాతి ఉద్యోగానికి అప్లై చేయండి. స్టెమ్ ఎక్స్‌టెన్షన్ (సైన్స్, టెక్నాలజీ లాంటి డిగ్రీలకు ఓపీటీ గడువు పెంపు) కావాలంటే అప్పటి యజమాని ఈ-వెరిఫైలో (ఉద్యోగుల పని అనుమతిని సరిచూసే ప్రభుత్వ ఆన్‌లైన్ వ్యవస్థ) ఉండాలి. మీ డిగ్రీ కోడ్ స్టెమ్ జాబితాలో ఉందో లేదో ఇంటర్నేషనల్ ఆఫీసులో ఈ వారమే అడగండి. ఆఫర్ లెటర్‌లో చివరి తేదీ, వారానికి గంటలు, క్యాంపు రోజులకు భోజనం భత్యం రాసి ఉన్నాయో చూడండి. రాసి లేకపోతే రాసివ్వమని అడగడంలో తప్పు లేదు. డ్రైవింగ్ లైసెన్స్ లేకపోతే ముందు అది తీసుకోండి.

ట్రైనింగ్‌కు ఇంకా ఐదు వారాలు ఉందన్నారు కదా. రోజుకు ఐదు మొక్కల చొప్పున నేర్చుకోండి, శాస్త్రీయ నామం, కోడ్, ఎండిపోయాక ఎలా ఉంటుందో కూడా. చీట్‌గ్రాస్, స్క్విరల్‌టెయిల్, ఇండియన్ రైస్‌గ్రాస్, శాండ్‌బర్గ్ బ్లూగ్రాస్, ఈ నాలుగు గడ్డీ పచ్చిగానూ ఎండుగానూ గుర్తుపట్టగలిగితే మొదటి నెల సగం గండం గడిచినట్టే. మీ యూనివర్సిటీ ల్యాబ్‌లో బంకమన్ను శాతం తెలిసిన నమూనాలు ఉంటాయి. కళ్లు మూసుకుని పిసికి, అంకె చెప్పి, తర్వాత సీసా మీది లేబుల్ చూడండి, రోజుకు పది. ఇంటి ముందు లాన్‌లో టేపు పరిచి యాభై పాయింట్లు చదవండి. మర్నాడు అదే లైను మళ్లీ చదివి రెండు రోజుల లెక్కలు పక్కపక్కన పెట్టండి. ఎక్కడ తేడా వచ్చిందో ఇక్కడ రాస్తే, ఎందుకు వచ్చిందో కూర్చుని చూద్దాం.